బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిప్లొమా: కేస్ స్టడీ, వర్క్ ప్రాజెక్ట్ అసెస్‌మెంట్లు గట్టెక్కడం ఎలా?

డిప్లొమాలో నోట్సు బట్టీ పట్టి గట్టెక్కలేనివి రెండున్నాయి. ఒకటి కేస్ స్టడీ, అంటే ఒక కంపెనీ చిక్కును కథలా ఇచ్చి పరిష్కారం రాయమనడం. రెండోది వర్క్ ప్రాజెక్ట్, అంటే ఆఫీసులో ఒక మార్పు చేసి దానిమీద రిపోర్ట్ రాయడం. రెండింటిలోనూ అసెసర్ (మీ పేపర్ దిద్దేవారు) వెతికేది ఒక్కటే: మీరన్న మాటకు ఆధారం ఏది? కాకపోతే కేస్ స్టడీలో ఆ ఆధారం మీకిచ్చిన పేజీల్లోనే ఉంటుంది, తవ్వి తీయాలి. ప్రాజెక్ట్‌లో అది ఎక్కడా రెడీగా ఉండదు. పని జరుగుతున్నప్పుడే మీరు పోగు చేసుకోవాలి. పని అంతా అయ్యాక, రిపోర్ట్ రాసే ముందు రోజు వెతికితే దొరకదు. ఈ తేడా పట్టుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

1. కేస్ కంటే ముందు మార్కింగ్ గైడ్ చదవండి

అసైన్‌మెంట్ చేతికి రాగానే చాలామంది నేరుగా కేస్‌లోకి దూకుతారు. ముందు చదవాల్సింది దానికి జతచేసిన మార్కింగ్ గైడ్, లేదా క్రైటీరియా పేజీ. ఫలితం ఎలా ఇస్తారో అందులోనే ఉంటుంది. బ్రిటన్‌లోని బీటీఈసీ (అక్కడి వృత్తివిద్యా అర్హత) తరహా కోర్సుల్లో పాస్, మెరిట్, డిస్టింక్షన్ అని మెట్లుంటాయి. పై మెట్టు కావాలంటే కింది మెట్ల షరతులు కూడా తీరాలి. ఆస్ట్రేలియా వృత్తివిద్యలో యూనిట్ ఫలితం 'కాంపిటెంట్' లేదా 'నాట్ యెట్ కాంపిటెంట్' అని వస్తుంది. ఈ రెండో పద్ధతిలో ఒక్క షరతు వదిలేసినా, మిగతావి ఎంత అద్భుతంగా రాసినా, పేపర్ వెనక్కి వస్తుంది. ఒకచోట బాగా రాసి ఇంకోచోటి లోటు పూడ్చుకుందాం అనుకోవడానికి వీల్లేదు.

తర్వాత ప్రశ్నల్లోని క్రియాపదాలు చూడండి. డిస్క్రైబ్ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎనలైజ్ అంటే విడదీసి, దేనివల్ల ఏది జరిగిందో చూపాలి. ఎవాల్యుయేట్ అంటే రెండు వైపులా తూచి, ఎటు మొగ్గుతున్నారో తేల్చి చెప్పాలి. జస్టిఫై అంటే ఆ మొగ్గుకు కారణాలు చూపాలి. ఎవాల్యుయేట్ చేయమన్న చోట మూడు పేజీల వర్ణన రాసి, మార్కులు ఎందుకు పడలేదని బాధపడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు.

గైడ్‌లోని ప్రతి షరతునూ ఒక్కో వరుసలో రాసి, పక్కన రెండు గడులు ఖాళీగా ఉంచుకోండి: 'ఏ పేజీలో రాశాను', 'ఆధారం ఏది'. చివరిదాకా ఈ పట్టికే మీ ప్లాన్, మీ చెక్‌లిస్ట్.

2. కేస్‌ను మూడుసార్లు, మూడు రకాలుగా చదవండి

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా కథలా చదివేయండి. ఎవరు, ఏ పదవిలో ఉన్నారు, ఏ చిక్కులో పడ్డారు, ఎప్పటిలోగా నిర్ణయం తీసుకోవాలి, ఇవి తెలిస్తే చాలు. మీకిచ్చిన పాత్ర ఏదో కూడా గమనించండి. బయటి కన్సల్టెంట్‌గా రాయమన్నప్పుడు ఒకలా, ఆఫీస్ మేనేజర్‌గా రాయమన్నప్పుడు ఇంకోలా రాయాలి. మేనేజర్‌కు తన చేతిలో ఉన్న అధికారానికి మించిన సిఫార్సు చేసే వీలుండదు.

రెండోసారి గుర్తులు పెట్టుకుంటూ చదవండి. మూడు రంగులు చాలు. నిజాలకు ఒకటి, ఎవరో అన్న అభిప్రాయాలకు ఒకటి, అంకెలకు ఒకటి. 'మా సిబ్బందికి బాధ్యత లేదు' అని కేస్‌లో మేనేజర్ అంటే, అది నిజం కాదు, మేనేజర్ అభిప్రాయం. విద్యార్థులను పరీక్షించడానికే అలాంటి మాట పెడతారు. దాన్ని నిజంగా తీసుకుని సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వాలని సిఫార్సు చేశారంటే, కేస్ రాసినవాళ్లు వేసిన వలలో పడ్డట్టే.

మూడోసారి, లేనివాటి కోసం చదవండి. 1920ల నాటికి హార్వర్డ్ బిజినెస్ స్కూల్ కేసులతో పాఠం చెప్పే పద్ధతిని తన ప్రధాన బోధనగా చేసుకుంది. అప్పటి నుంచీ కేస్‌లో కొంత సమాచారం ఎక్కువగా, కొంత తక్కువగా ఉండటం మామూలే. నిజమైన ఆఫీసులోనూ అంతే కదా. లేని సమాచారాన్ని మీరు కల్పించకూడదు. 'రవాణా ఖర్చుల వివరాలు కేస్‌లో లేవు. అవి గత ఏడాది లాగే ఉన్నాయని అనుకుని ఈ లెక్క వేశాను' అని రాస్తే సరిపోతుంది. అనుకున్నదాన్ని అనుకున్నదిగా చెప్పడం తప్పు కాదు, దాచడం తప్పు.

3. లక్షణాన్ని వదిలి కారణం దాకా వెళ్లండి

ఇక్కడ కాస్త ఆగి ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ఎక్కువ మార్కులు పోయేది ఈ దశలోనే.

ఆఫీసు సామగ్రి సరఫరా చేసే ఒక కంపెనీ మీ కేస్ అనుకోండి. నెలకు 400 ఆర్డర్లు వచ్చేవి 520కి పెరిగాయి. ఆలస్యమైన డెలివరీలు 20 నుంచి 52 అయ్యాయి. అంటే 5 శాతం నుంచి 10 శాతానికి చేరాయి. ఈ శాతాలు కేస్‌లో ఇవ్వరు, మీరే తీయాలి. '20 నుంచి 52కి పెరిగాయి' అని మాత్రమే రాస్తే, ఆర్డర్లూ పెరిగాయి కదా అని అసెసర్ అడుగుతారు. శాతం చెబితే ఆ ప్రశ్నకు తావుండదు.

అనుబంధంలోని పట్టికలో ఆ 52 ఆలస్యాలకు కారణాలున్నాయి: సరుకు స్టోర్‌లో లేకపోవడం 31, అడ్రస్ తప్పు 12, వాహనం సమస్య 6, ఇతరాలు 3. మొదటి రెండూ కలిస్తే 43, మొత్తంలో సుమారు 83 శాతం. కొద్ది కారణాలే ఎక్కువ నష్టం చేస్తాయన్న పారెటో సూత్రం ఇదే. దాని పేరు రాయడం కంటే ఈ లెక్క చూపించడమే ముఖ్యం.

ఇప్పుడు టొయోటా ఉత్పత్తి విధానంతో పేరొచ్చిన 'ఐదు ఎందుకులు' పద్ధతి వాడండి. డెలివరీ ఎందుకు ఆలస్యమైంది? సరుకు లేదు. లేని సరుకుకు ఆర్డర్ ఎందుకు తీసుకున్నారు? స్టాక్ షీట్‌లో ఉన్నట్టు కనిపించింది. షీట్ ఎందుకు తప్పుగా ఉంది? వారానికి ఒక్కసారే సరిచేస్తారు. ఎందుకు ఒక్కసారే? ఒకే ఉద్యోగి చేత్తో లెక్కపెట్టి నింపాలి. ఎందుకలా? ఆర్డర్లు తక్కువగా ఉన్న రోజుల్లో పెట్టిన పద్ధతిని ఆ తర్వాత ఎవరూ తిరగదోడలేదు.

'మా సిబ్బందికి బాధ్యత లేదు' అన్నది ఈ కంపెనీ మేనేజరే అనుకుంటే, తప్పు సిబ్బందిలో కాదు, పద్ధతిలో ఉందని తేలింది. అయితే ఒక్క జాగ్రత్త. ప్రతి 'ఎందుకు'కూ జవాబు కేస్‌లోని ఫలానా పేరాలో ఉందని చూపగలగాలి. నాలుగో ఎందుకు దగ్గర ఆధారం ఆగిపోతే మీరూ అక్కడే ఆగండి. ఐదు నింపాలని ఊహలు పేర్చితే పద్ధతి నవ్వులపాలవుతుంది.

స్వాట్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు), పెస్టెల్ (రాజకీయ, ఆర్థిక, సామాజిక, సాంకేతిక, పర్యావరణ, చట్టపరమైన పరిస్థితులు), మైఖేల్ పోర్టర్ 1979లో ప్రతిపాదించిన ఐదు శక్తులు, ఇలాంటి విశ్లేషణ చట్రాలన్నీ వాడాలని ఉబలాటపడకండి. స్టాక్ షీట్ సమస్యకు పోర్టర్ చట్రంతో పని లేదు, అది పరిశ్రమలోని పోటీని చూడ్డానికి. ప్రశ్నకు సరిపోయేది ఒకటి, మహా అయితే రెండు తీసుకుని లోతుగా వాడండి. స్వాట్ వాడితే నాలుగు గడులు నింపి వదిలేయొద్దు. ఈ బలహీనత వల్ల ఆ అవకాశం ఎలా చేజారుతోందో ఒక్క వాక్యంలోనైనా కలపండి.

4. దారులు తూచి, లెక్క కుదిరే సిఫార్సు చేయండి

కనీసం మూడు దారులు చూపండి. వాటిలో ఒకటి 'ఏమీ చేయకుండా ఉండటం' కావచ్చు. దాన్నీ రాస్తే, ఊరుకుంటే ఏం నష్టమో చెప్పే వీలు దొరుకుతుంది. మన ఉదాహరణలో మిగతావి: ఇంకో ఉద్యోగిని పెట్టుకోవడం, రోజూ షీట్ సరిచేసే పద్ధతి పెట్టడం, అమ్మకాలకూ స్టోర్‌కూ ఒకే సాఫ్ట్‌వేర్ తేవడం.

పోల్చడానికి ఒక స్కోర్ పట్టిక వేయండి. ఫలితానికి 40, ఖర్చుకు 30, ఎంత త్వరగా అవుతుందన్నదానికి 20, సిబ్బంది అంగీకారానికి 10 చొప్పున బరువులు ఇచ్చి, ప్రతి దారికీ ఒక్కో అంశంలో 5కు ఎంతో వేసి, బరువుతో గుణించి కూడండి. బరువులు ముందే తేల్చుకోండి. నచ్చిన దారి గెలిచేలా తర్వాత సర్దితే అసెసర్ కళ్లు కప్పలేరు. స్కోర్లు వచ్చాక ఫలితం, ఖర్చు బరువులను తారుమారు చేసి చూడండి. అప్పుడూ అదే దారి గెలిస్తే ఆ మాట రాయండి. గెలవకపోతే అదీ రాయండి, విశ్లేషణకు బలం వస్తుంది.

ఇక సిఫార్సు. 'కంపెనీ తన స్టాక్ నిర్వహణను మెరుగుపరచుకోవాలి' అన్న వాక్యాన్ని ప్రపంచంలో ఏ కంపెనీకైనా అతికించొచ్చు. దాని బదులు ఇలా రాయండి: 'వచ్చే నెల మొదటి తేదీ నుంచి, రోజూ పని ముగిసేలోపు స్టోర్ ఇన్‌చార్జ్ స్టాక్ షీట్ సరిచేయాలి. ఆపరేషన్స్ మేనేజర్ వారానికోసారి పది వస్తువులు లెక్కపెట్టి షీట్‌తో సరిపోల్చాలి. మూడు నెలల్లో ఆలస్యాలు 10 శాతం నుంచి 6 శాతానికి తగ్గాలి.' జార్జ్ డోరన్ 1981లో స్మార్ట్ లక్ష్యాల సూత్రం (లక్ష్యం స్పష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలనేది) రాసినప్పుడు 'ఎవరికి అప్పగించాలి' అన్నది అందులో ఒక అంశం. ఇప్పుడు చాలా నోట్సుల్లో ఆ స్థానంలో 'సాధించగలిగేది' అని ఉంటుంది. కానీ సిఫార్సుల్లో తరచూ కనిపించని ముక్క ఆ 'ఎవరు' అన్నదే.

ఆ 6 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? సరుకు లేక ఆలస్యమైన 31 పూర్తిగా పోయినా ఇంకా 21 మిగులుతాయి. 520లో అది 4 శాతం. అంటే ఈ ఒక్క మార్పుతో అంతకంటే కిందికి దిగే అవకాశమే లేదు. 2 శాతం అని లక్ష్యం రాస్తే మీ లెక్కే మిమ్మల్ని తప్పుపడుతుంది. కొత్త పద్ధతి మొదట్లో కొంత తప్పుతుందని వదులు పెట్టుకుని 6 అన్నాం. ఈ వివరణ రెండు వాక్యాల్లో రాస్తే చాలు. మామూలు పేపర్‌కూ మంచి పేపర్‌కూ తేడా ఇక్కడ తెలుస్తుంది.

రిపోర్ట్ ఎలా అమర్చాలో గైడ్‌లోనే ఉంటుంది, దాన్నే పాటించండి. సారాంశం పేజీని మాత్రం అన్నీ అయ్యాక రాయండి. సమస్య, అసలు కారణం, సిఫార్సు, ఆశించే ఫలితం, ఈ నాలుగూ అందులో ఉండాలి. పదాల పరిమితిలో అనుబంధాలు లెక్కలోకి వస్తాయో రావో ముందే కనుక్కోండి.

5. ప్రాజెక్ట్‌కు చిన్న పని ఎంచుకోండి

వర్క్ ప్రాజెక్ట్ అనగానే కంపెనీ మొత్తాన్ని డిజిటల్ చేసేద్దామని బయల్దేరుతారు. అది ముగిసేలోపు కోర్సు ముగుస్తుంది. ఎంచుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నా చేతిలో ఉన్న అధికారంతో అవుతుందా? సూపర్‌వైజర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటారా? ముందు, తర్వాత కొలవగలిగినది ఏమైనా ఉందా? గడువుకు కనీసం రెండు మూడు వారాల ముందే అమలు పూర్తవుతుందా? వీటిలో దేనికి 'కాదు' అని వచ్చినా వేరే పని చూసుకోండి.

మీటింగ్ రూమ్ బుకింగ్, కొత్త ఉద్యోగి మొదటి వారం చెక్‌లిస్ట్, స్టేషనరీ ఆర్డర్ పద్ధతి, షేర్డ్ ఫోల్డర్లలో ఫైళ్ల పేర్లు, ఇవన్నీ డిప్లొమా స్థాయికి చక్కగా సరిపోతాయి. పని చిన్నదైతే ప్లానింగ్, సంప్రదింపులు, అమలు, సమీక్ష అన్నీ చూపించడానికి చోటు మిగులుతుంది. అసెసర్ చూసేది పని ఎంత పెద్దదని కాదు, ఈ దశలన్నీ నడిపించారా అని. ఉద్యోగం లేనివాళ్లకు చాలా కోర్సుల్లో ఊహాత్మక ఆఫీసు ఇస్తారు, లేదా స్వచ్ఛంద సంస్థలో చేసిన పనిని ఒప్పుకుంటారు. అది ముందే అడిగి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోండి.

6. ముట్టుకునే ముందు కొలవండి

ప్రాజెక్ట్‌లో మళ్లీ వెనక్కి వెళ్లి చేయలేనిది ఇదొక్కటే. మార్పు మొదలుపెట్టాక 'అంతకుముందు ఎలా ఉండేది' అన్న కొలత ఇక దొరకదు.

ఫైళ్ల పేర్ల ప్రాజెక్టే తీసుకుందాం. ముగ్గురు సహోద్యోగులను అడిగి, ఒక్కొక్కరికీ అవే పది డాక్యుమెంట్లు వెతకమని ఇవ్వండి. ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది, ఎన్ని దొరకలేదు, పాత వెర్షన్ ఎన్నిసార్లు తెరిచారు, ఇవి రాసుకోండి. తేదీ వేయండి. మార్పు తర్వాత అదే ముగ్గురితో, వేరే పది డాక్యుమెంట్లతో మళ్లీ చేయండి. అవే పది ఇస్తే గుర్తుండి త్వరగా వెతికేస్తారు, కొలత చెడిపోతుంది. ముగ్గురితో చేసినది చిన్న పరీక్ష అని రిపోర్ట్‌లో మీరే ఒప్పుకోండి.

దీంతో లాభం లెక్క కూడా వస్తుంది. పాత ఫైళ్లు సర్దడానికి అందరివీ కలిపి 60 గంటలు పట్టి, తర్వాత నెలకు 15 గంటలు ఆదా అవుతుంటే, పెట్టిన సమయం నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. డబ్బు లెక్కలు బయటపెట్టడానికి ఆఫీసు ఒప్పుకోకపోతే గంటల్లో చెప్పడం మంచి దారి.

7. ఒక్క పేజీ ప్లాన్, దానిపై సంతకం

ఉద్దేశం, పరిధి, పరిధిలో లేనివి, ఎవరెవరికి సంబంధం, గడువులు, కావలసిన వనరులు, ప్రధానమైన రిస్కులు. ఇవన్నీ ఒక్క పేజీలో రాసి సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి. 'పరిధిలో లేనివి' అన్న వరుస మిమ్మల్ని తర్వాత కాపాడుతుంది. ఫైళ్ల పేర్లు మారుస్తుంటే 'ఎలాగూ చేస్తున్నావు కదా, పాత ఈమెయిళ్లు కూడా సర్దు' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.

గడువులకు గాంట్ చార్ట్ (ఏ పని ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అని అడ్డపట్టీలతో చూపే పట్టిక) వేయండి, మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ఏ పని అయ్యాకే ఏ పని మొదలవ్వాలో అందులో కనిపించాలి. సంబంధం ఉన్నవాళ్లను పలుకుబడి, ఆసక్తి అనే రెండు కొలతలతో నాలుగు గడుల్లో పెట్టండి. రెండూ ఎక్కువున్నవాళ్లతో తరచూ మాట్లాడాలి, రెండూ తక్కువున్నవాళ్లకు సమాచారం ఇస్తే చాలు.

రిస్క్ రిజిస్టర్‌లో, అంటే రిస్కుల జాబితాలో, ప్రతి రిస్కుకూ జరిగే అవకాశం 1 నుంచి 5, ప్రభావం 1 నుంచి 5 వేసి గుణించండి. 'సిబ్బంది కొత్త పేర్ల పద్ధతి పాటించకపోవడం' 4, 4 అయితే 16. 'సర్వర్ పడిపోవడం' 1, 5 అయితే 5. 16 ఉన్నదానికి ఏం చేస్తారో, ఎవరు చూసుకుంటారో రాయండి. ప్రాజెక్ట్ నడుమ ఈ రిజిస్టర్‌ను కనీసం ఒక్కసారైనా మార్చి, మార్చిన తేదీ వేయండి. మొదటి రోజు రాసింది చివరిదాకా అలాగే ఉంటే, ఎవరూ తెరవలేదని చూడగానే తెలిసిపోతుంది.

8. రోజువారీ ఆధారాల ఫోల్డర్

ఆస్ట్రేలియా వృత్తివిద్యలో ఆధారాన్ని నాలుగు విధాలుగా పరీక్షిస్తారు. అది అడిగిన నైపుణ్యాన్నే చూపుతోందా, చాలినంత ఉందా, మీరు చేసిందేనా, ఈమధ్యదేనా. మీ కోర్సు ఏ దేశానిదైనా ఈ నాలుగు ప్రశ్నలు పనికొస్తాయి.

మొదటి రోజే ఫోల్డర్ తెరిచి, ఫైళ్లకు తేదీతో మొదలయ్యే పేర్లు పెట్టండి. అనుమతి ఈమెయిల్, మీటింగ్ మినిట్స్, ఫీడ్‌బ్యాక్ ఫారాలు, ట్రైనింగ్ హాజరు, మార్పుకు ముందు తర్వాతి స్క్రీన్‌షాట్లు అన్నీ అందులో పడాలి. డ్రాఫ్టులు కూడా దాచండి. మొదటి డ్రాఫ్ట్, దానిమీద సహోద్యోగి కామెంట్లు, సరిచేసిన డ్రాఫ్ట్, ఈ మూడూ కలిస్తే మీరు సంప్రదించి, విని, మార్చారని రుజువవుతుంది. చివరి కాపీ ఒక్కటే పెడితే ఆ రుజువు ఉండదు. నోటిమాటగా జరిగిన సంభాషణకు ఆ రోజే చిన్న ఈమెయిల్ పంపండి: 'ఉదయం మాట్లాడుకున్నట్టు, పేర్లలో తేదీ ముందు రావాలని నిర్ణయించాం.' ఆ రెండు లైన్లే ఆధారం.

కస్టమర్ల, ఉద్యోగుల పేర్లు, ఫోన్ నంబర్లు, జీతాల వివరాలు కనిపించకుండా చేయండి. నల్ల రంగు డబ్బా పైన పెట్టి వదిలేస్తే కొన్ని ఫైళ్లలో దాని కింది అక్షరాలు కాపీ చేసుకోవచ్చు, కాబట్టి అసలు వివరాన్నే తీసేసి కొత్త కాపీ చేసుకోండి. సూపర్‌వైజర్ రిపోర్ట్ అవసరమైతే ఫారం చివరి వారంలో ఇవ్వొద్దు. వాళ్లకు సెలవులుంటాయి, వేరే పనులుంటాయి.

9. సమీక్ష, సబ్మిషన్, ఆ తర్వాత

ఆత్మసమీక్ష భాగంలో 'చాలా నేర్చుకున్నాను' అన్న మాటకు విలువ లేదు. ఫలానా మీటింగ్‌లో ఫలానా అభ్యంతరం వచ్చింది, దానికి నేను ఇలా స్పందించాను, ఫలితం ఇది, మళ్లీ అయితే ముందే ఇది చేస్తాను, ఇలా నడవాలి. అనుకున్న ఫలితం రాకపోతే ఫెయిల్ అవుతామన్న భయం అక్కర్లేదు. ఎందుకు రాలేదో ఆధారంతో చెప్పిన రిపోర్టును, అంతా బ్రహ్మాండంగా జరిగిందన్న రిపోర్టు కంటే అసెసర్లు ఎక్కువ నమ్ముతారు.

ఏఐ టూల్స్ విషయంలో మీ సంస్థ నియమం చదివి, వాడితే ఎక్కడ వాడారో రాయండి. రిపోర్ట్ తర్వాత మౌఖిక ప్రశ్నలు ఉండే కోర్సుల్లో ఇది మరీ ముఖ్యం. 'ఈ 16 ఎలా వచ్చింది?' అని అడిగినప్పుడు చెప్పలేకపోతే, పేపర్ మీది కాదన్న అనుమానం వస్తుంది. మీ రిపోర్టులోని ప్రతి అంకెనూ కాగితం చూడకుండా వివరించగలరో లేదో ముందే ఎవరి ముందైనా చెప్పి చూసుకోండి.

పంపేముందు మొదట్లో వేసుకున్న పట్టిక తీసి, ప్రతి షరతు పక్కన పేజీ నంబర్, ఆధారం ఫైల్ పేరు ఉన్నాయా చూడండి. ఆ పట్టికనే అనుబంధంగా జతచేస్తే అసెసర్‌కు వెతుకులాట తప్పుతుంది. ఖాళీ గడి కనిపిస్తే ఆ షరతు ఇంకా తీరలేదని అర్థం.

పేపర్ తిరిగొస్తే మొత్తం తిరగరాయొద్దు. ఫీడ్‌బ్యాక్‌లోని ఒక్కో వ్యాఖ్యనూ ఏ షరతుకు చెందిందో పట్టికలో గుర్తించండి. అర్థం కానిదుంటే 'ఇక్కడ ఇంకా ఏ ఆధారం కావాలి?' అని అసెసర్‌నే సూటిగా అడగండి. ఆ భాగం మాత్రమే సరిచేసి, ఏ పేజీలో ఏం మార్చారో పైన చిన్న నోట్ పెట్టి పంపండి. అన్నట్టు, రీసబ్మిషన్ ఎన్నిసార్లు ఇస్తారో, గడువెంతో సంస్థను బట్టి మారుతుంది. ఆ పేజీ చదవాల్సింది పేపర్ తిరిగొచ్చాక కాదు, కోర్సు మొదలైన వారంలోనే.